వారానికి ఒకటా, రోజుకు ఒకటా: మూత్రపిండ రోగులు, విటమిన్ డి

(సోంపేటలో మూత్రపిండ వ్యాధిగ్రస్తులు, వారి కుటుంబ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కవిటి, కంచిలి, మందస వైపు నుంచి పొద్దున్నే బయలుదేరి వచ్చినవారు చాలామంది ఉన్నారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఈ ఉద్దానంలో పుట్టిపెరిగిన మీకు, కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ గురించి నేను చెప్పనక్కర్లేదు. అందుకే ఈ రోజు ఒకే ఒక మందు గురించి మాట్లాడతాను. మీలో ఎంతోమంది చీటీల్లో అది ఉంటుంది. ఏమేం మందులు వాడుతున్నారని అడిగితే మాత్రం దాని పేరు ఎవరూ చెప్పరు. అది విటమిన్ డి.

బలానికి రాశారని చాలామంది అనుకుంటారు. నిజానికి, దెబ్బతిన్న మూత్రపిండం చేయలేకపోతున్న ఒక పనికి సాయంగా రాస్తాం. ఎండ తగిలి చర్మంలో తయారైనా, మందుగా మింగినా, విటమిన్ డి ఉన్నపళంగా పనిచేయదు. కాలేయం ఒకసారి, మూత్రపిండం మరోసారి దాన్ని మార్చాలి. వడ్లు మిల్లుకెళ్లి బియ్యమై, పొయ్యి మీద అన్నమైతేనే కదా మనం తినగలిగేది. ఆ పొయ్యి మూత్రపిండం. మూత్రపిండాలు తీసేసిన ఎలుకల్లో ఈ చివరి మార్పు జరగడం లేదని 1970లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు ఫ్రేజర్, కొడిసెక్ చూపించారు. కిడ్నీ చెడితే ఎముకలు ఎందుకు గుల్లబారతాయో అర్థం చేసుకోవడంలో అదొక పెద్ద మెట్టు. తుది రూపం తగ్గితే పేగులు కాల్షియాన్ని సరిగా పీల్చుకోవు. అప్పుడు మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు తమ హార్మోన్‌ను ఎక్కువగా వదిలి, ఎముకల నుంచి కాల్షియాన్ని రక్తంలోకి లాగుతాయి.

ఇక్కడే అసలు విషయం ఉంది. దుకాణంలో విటమిన్ డి అని దొరికేవన్నీ ఒకటి కావు. కొలెకాల్సిఫెరాల్ ఇంకా వడ్ల దశలో ఉన్న మందు. 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్‌గానో, క్యాప్సూల్‌గానో వస్తుంది. సాధారణంగా కొన్ని వారాలపాటు వారానికి ఒకటి, ఆ తర్వాత నెలకొకటి రాస్తారు. కాల్సిట్రయాల్ పూర్తిగా తయారైన రూపం. మూత్రపిండం తాకనక్కర్లేకుండానే పనిచేస్తుంది. ఆల్ఫాకాల్సిడాల్‌కు కాలేయం ఒక్కటి సహకరిస్తే చాలు. వీటి మోతాదు తరచుగా 0.25 మైక్రోగ్రాముల నుంచి మొదలవుతుంది. 60,000 యూనిట్ల ప్యాకెట్‌లో ఉండేది 1,500 మైక్రోగ్రాములు. ఈ తేడా చూశాక, ఒకటి లేదని దుకాణదారు మరొకటి చేతిలో పెడితే తీసుకోవచ్చో లేదో మీరే చెప్పండి.

నన్ను ఎక్కువగా భయపెట్టేది వారానికి ఒకసారి వేసుకోవాల్సిన మందును రోజూ వేసుకోవడం. చదువురాని పెద్దవాళ్లకు మిగతా మాత్రలన్నీ రోజువారీవే కాబట్టి, ఇదీ ఆ వరుసలో కలిసిపోతుంది. కాల్సిట్రయాల్ ఎక్కువైతే, ఆపిన కొద్ది రోజుల్లో ప్రభావం తగ్గుతుంది. కొలెకాల్సిఫెరాల్ అలా కాదు, కొవ్వులో నిల్వ ఉంటుంది. ఆపినా వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి వదలదు. ఒళ్లునొప్పులని చెప్పి 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్ వేయించుకునేవారూ ఉన్నారు. కిడ్నీ జబ్బు ఉన్నవారు మీ కిడ్నీ డాక్టరుకు తెలియకుండా దాని జోలికి వెళ్లకండి, దయచేసి.

ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరుగుతుంది, ఫాస్ఫరస్ కూడా పెరగవచ్చు. రెండూ కలిసి రక్తనాళాల గోడల్లో, గుండె కవాటాల్లో పేరుకుంటాయి. వికారం, ఆకలి మందగించడం, మలబద్ధకం, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, నీరసం, మతిమరుపు, తికమక కనిపిస్తాయి. వీటిలో చాలా వరకు కిడ్నీ జబ్బు లక్షణాలలాగే ఉంటాయి. పైగా కాల్షియం పెరిగితే మూత్రపిండం మరింత దెబ్బతిని క్రియాటినిన్ కూడా పెరుగుతుంది. ఇంట్లోవాళ్లు జబ్బు ముదిరిందనుకుని దేవుడి మీద భారం వేస్తారు. మందు ఎక్కువైందన్న అనుమానం ఎవరికీ రాదు. ఉద్దానంలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ, ఎందుకంటే క్రియాటినిన్ పెరిగితే ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. దయచేసి మీరు అనుమానించండి. అలాంటి లక్షణాలుంటే తర్వాతి మోతాదు వేసుకోకముందే డాక్టరును కలిసి, కాల్షియం పరీక్ష అడగండి.

డాక్టర్లుగా మేమూ ఒకప్పటికంటే ఇప్పుడు ఆచితూచి రాస్తున్నాం. విటమిన్ డి రూపాల్లో ఒకటైన పారికాల్సిటాల్ గుండె కండరం మందాన్ని తగ్గిస్తుందేమోనని ప్రైమో అనే అధ్యయనంలో పరీక్షించారు. 2012లో వెలువడిన ఫలితాల్లో గుండెకు ఆశించిన మేలు కనిపించలేదు. మందు తీసుకున్నవారిలో 22 శాతానికి పైగా కాల్షియం పెరిగింది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 1 శాతం లోపే. డయాలసిస్ దాకా రానివారికి తయారైన రూపాన్ని అలవాటుగా రాయవద్దని, కిడ్నీ జబ్బు బాగా ముదిరిన 4, 5 దశల్లో పారాథైరాయిడ్ హార్మోన్ తీవ్రంగా పెరుగుతూ పోతుంటేనే వాడాలని 2017లో కేడిగో అనే అంతర్జాతీయ కిడ్నీ సంస్థ మార్గదర్శకాలు సూచించాయి.

అందుకే పరీక్ష లేకుండా ఈ మందు లేదు. కాల్షియం, ఫాస్ఫరస్ నాలుగో దశలో 3 నుంచి 6 నెలలకొకసారి, ఐదో దశలో, డయాలసిస్‌లో 1 నుంచి 3 నెలలకొకసారి చూడాలి. మందు మొదలుపెట్టినప్పుడు, మోతాదు మార్చినప్పుడు ఇంకా ముందుగానే. చూపించుకోవడానికి ప్రతిసారీ విశాఖపట్నం వెళ్లాల్సిన పనీ లేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది.

ఇతర మందుల మాట. మోకాళ్ల నొప్పులకు కొనే కాల్షియం మాత్రల్లో విటమిన్ డి కలిసే ఉంటుంది, అట్ట మీద చదివించుకోండి. ఫాస్ఫరస్‌ను పట్టి ఉంచడానికి భోజనంతో వేసుకునే కాల్షియం అసిటేట్‌నూ ఈ లెక్కలో కలపాలి. బీపీకి వాడే హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్ కాల్షియాన్ని పెంచగలవు. డిగాక్సిన్ వాడే గుండె రోగులకు కాల్షియం పెరిగితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. కడుపులో మంట తగ్గడానికి తాగే మందుల్లో తరచుగా మెగ్నీషియం, అల్యూమినియం ఉంటాయి. మూత్రపిండం సరిగా పనిచేయనప్పుడు అవి ఒంట్లో పేరుకుంటాయి.

ఇదంతా విని భయపడి ఇంటికెళ్లి మందు మానేయకండి. డయాలసిస్‌లో ఉన్నవారు కాల్సిట్రయాల్‌ను సొంతంగా ఆపితే పారాథైరాయిడ్ హార్మోన్ మళ్లీ పెరిగి ఎముకలు దెబ్బతినవచ్చు. ఒక మోతాదు మరిచిపోతే మరునాడు రెండు వేసుకోవద్దు. వారం మందు వేసుకునే రోజును క్యాలెండర్‌లో గుండ్రంగా గుర్తు పెట్టి, వేసుకోగానే కొట్టేయండి. ఇంట్లో చదువుకుంటున్న పిల్లలకు ఆ పని అప్పగించండి.

మందులు, చీటీలు వెంట తెచ్చుకున్నవారు ఉంటే ఇటు రండి. ఎవరు ఏ రకం వాడుతున్నారో, చివరిసారి కాల్షియం ఎప్పుడు చూశారో ఒక్కొక్కరిదీ చూద్దాం.