జల్లెడ దగ్గర ఆగనివి

అందరికీ నమస్కారం. రేపు మీరంతా అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రం చూడ్డానికి వస్తున్నారు కదా, వాసన సంగతి ముందే చెప్పేస్తాను. మొదటి పది నిమిషాలే కష్టం. తర్వాత ముక్కు దానంతటదే సర్దుకుంటుంది.

గేటు దాటగానే అందరూ పెద్ద ట్యాంకుల వైపే నడుస్తారు. మీరు ముందు జల్లెడ దగ్గర ఆగండి. నాలాల్లోంచి వచ్చిన మురుగు ఆ ఇనుప కడ్డీల మధ్య నుంచే లోపలికి వెళ్తుంది. షాంపూ ప్యాకెట్లు, చీర పేలికలు, డైపర్లు, కొబ్బరి పీచు, ఒక్కోసారి ఒంటి చెప్పు. కంటికి కనబడేవన్నీ అక్కడే చిక్కుకుంటాయి. అసలు తలనొప్పి నీళ్లలో కరిగిపోయిన వాటితోనే.

ఈ ప్లాంటు సామర్థ్యం రోజుకు 33.9 కోట్ల లీటర్లు. నీళ్లను అడుగు నుంచి పైకి, ఒక నల్లటి బురద పొర గుండా పంపుతారు. గాలి అక్కర్లేని బాక్టీరియా ఆ పొరలో మురికిని తిని మీథేన్ వదులుతాయి. కరెంటు ఖర్చు తక్కువ కాబట్టి మంచి పద్ధతే. అయితే అదొక్కటే చాలదు, ఆ తర్వాత నీళ్లకు గాలి పట్టించాలి. ఎంత చేసినా ఉప్పును మాత్రం ఈ బాక్టీరియా ముట్టుకోవు. వచ్చిన ఉప్పు వచ్చినట్టే మూసీ నదిలోకి పోతుంది.

ఆ నది సంగతికొస్తే, 1908 వరదల తర్వాత ఎగువన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. వరద భయం తగ్గింది, తాగునీళ్లొచ్చాయి. కానీ వానల్లేని నెలల్లో మూసీకి సొంత నీళ్లంటూ దాదాపు మిగల్లేదు. వేసవిలో అందులో పారేది మనం వాడి వదిలేసిన నీళ్లే. చిత్రమేమిటంటే, ఆ నీళ్లలో కొంత మనం కృష్ణ నుంచి పైపుల్లో తెచ్చుకున్నదే. వాడపల్లి దగ్గర మూసీ వెళ్లి మళ్లీ కృష్ణలోనే కలుస్తుంది.

నిండుగా పారే నది అయితే కాస్త మురుగు కలిసినా పలచబడుతుంది. ఇక్కడ పలచబరచడానికి వేరే నీళ్లేవి? ప్లాంటు వదిలింది, ప్లాంటుకు చేరకుండా నాలాల్లోంచి నేరుగా కలిసింది, రెండూ కలిపితే అదే మూసీ. దిగువన కత్వల (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) మీంచి నీళ్లు దూకే చోట సబ్బు నురగ దూదిపింజల్లా లేచి గట్టు మీద పడుతుంది. ఉప్పదనం వల్ల వరి సరిగ్గా పండక చాలామంది రైతులు పారాగడ్డికి మారారు. ఆ గడ్డి మళ్లీ నగరంలోని పాడి గేదెలకే వస్తుంది.

ల్యాబులో మీకు బీఓడీ పరీక్ష చూపిస్తారు. నీళ్లలోని మురికిని తినడానికి బాక్టీరియాకు ఎంత ఆక్సిజన్ కావాల్సి వచ్చిందో అందులో తేలుతుంది. సీసాను 27 డిగ్రీల దగ్గర మూడు రోజులుంచాలి, తొందరపెడితే కుదరదు. మీరు రేపు పట్టే శాంపిల్ ఫలితం తేలేసరికి, ఆ నీళ్లు దిగువనున్న ప్రతాపసింగారం ఊరు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి.

బస్సు ఎనిమిదింటికి. చెప్పులొద్దు, షూస్ వేసుకుని రండి.