నస్కల్ మట్టిలో దొరికిన పళ్లు

సభాధ్యక్షులకు, అధ్యాపకులకు, విద్యార్థులకు నమస్కారం. క్షీరదాల పరిణామం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను ముఖ్యంగా పళ్ల గురించే మాట్లాడతాను, ఎందుకంటే అంతరించిపోయిన తొలినాటి చిన్న క్షీరదాల్లో చాలావాటికి మిగిలిన ఆధారం అవే.

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉన్న కోటాసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం మీలో చాలామంది చూసే ఉంటారు. అది ప్రాణహిత–గోదావరి లోయలోని కోటా శిలల్లో దొరికింది. అవే శిలల్లో జురాసిక్ కాలపు క్షీరదాల పళ్లు కూడా దొరికాయనీ, వాటిలో ఒకదానికి 1981లో కోటాథీరియం అని పేరు పెట్టారనీ మన పిల్లలకు ఎవరు చెబుతున్నారు? రాక్షసబల్లి పెద్దది కాబట్టి కనిపిస్తుంది. మన వంశానికి దగ్గరి జీవి చిన్నది కాబట్టి మరుగున పడిపోయింది. ఇది నాకు ఎన్నాళ్లుగానో ఉన్న బాధ.

వికారాబాద్ ప్రాంతంలోని నస్కల్ సంగతి చూడండి. దక్కన్ లావా పొరల మధ్య ఇరుక్కున్న బంకమట్టిని ఎండబెట్టి, కిరోసిన్‌లో నానబెట్టి, నీళ్లలో విడగొట్టి, సన్నని జల్లెళ్లలో కడిగి, మిగిలిన మడ్డిని సూక్ష్మదర్శిని కింద గింజ గింజగా ఏరితే దొరికిన పళ్లను బట్టి, శిలాజ శాస్త్రవేత్తలు జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో డెక్కనోలెస్టిస్ అనే చిన్న క్షీరదాన్ని ప్రకటించారు. భారతదేశంలో క్రిటేషియస్ కాలానికి, అంటే రాక్షసబల్లుల యుగపు చివరి దశకు, చెందినదిగా గుర్తించిన మొదటి క్షీరదం అదే. దాని వయసు దాదాపు 6.6 కోట్ల సంవత్సరాలు. పై దవడ పంటి మొన కింది పంటి గుంటలో రోట్లో రోకలిలా దిగేలా ఆ చర్వణకాలు, అంటే నమిలే దంతాలు, అమరాయి. అందువల్ల అవి ఆహారాన్ని కోయగలవు, నూరగలవు కూడా. తర్వాత దొరికిన చీలమండ ఎముకలను బట్టి అది చెట్లెక్కగల జీవి అని 1994లో తేల్చారు.

ఇంత చరిత్ర మన నేలలోనే ఉండగా, నేను చదువుకున్న చోట పుర్రెల అలమరాకు ఎప్పుడూ తాళమే ఉండేది. క్షీరద లక్షణాలను వరుసగా అప్పజెప్పాం గానీ, ఒక్క దవడనైనా చేతిలోకి తీసుకోనివ్వలేదు. అధ్యాపకులారా, దయచేసి ఆ తాళాలు తీయండి. అలమరా లేని కళాశాల కూడా దిగులుపడనక్కర్లేదు: పాడుబడిన కట్టడాల్లో గుడ్లగూబలు కక్కిన ఉండలను చేతొడుగులతో తెచ్చి, నానబెట్టి విప్పితే చిన్న పుర్రెలు బయటపడతాయి. ముందు ఉలి వంటి కొరుకుడు పళ్ల జంట, వాటి వెనక ఖాళీ జాగా ఉంటే అది ఎలుక జాతి. ఖాళీ లేకుండా సూదిమొనల పళ్లు వరుసగా ఉంటే అది చుంచు. అది ఎలుకల క్రమానికి చెందినదే కాదు. ఈ తేడాను ఒక్కసారి కళ్లారా చూసిన విద్యార్థికి డెక్కనోలెస్టిస్ పంటి బొమ్మను చదవడం కష్టం కాదు.

ఈ సభలో పరిగి, వికారాబాద్ వైపు నుంచి వచ్చినవారు ఉంటే వారికి నాదొక ప్రత్యేక విన్నపం. బావి తవ్వినప్పుడో, రోడ్డు కోసినప్పుడో నల్లరాతి (లావా) పొరల నడుమ బంకమట్టి పొర కనిపిస్తే దాన్ని తవ్వకండి. ఫొటో తీసి, ఊరు, తేదీ, పొర లోతు రాసి మీ భూగర్భశాస్త్ర విభాగానికి తెలియజేయండి. ఏ పొరలోనిదో తెలియని పంటికి వయసు కట్టడం చాలా కష్టం.