సబ్బాట్: గేమ్ పత్రికతో ఫ్రీగా వచ్చిన పాట

[తెరపై: రికార్డ్ ప్లేయర్ మీద తిరుగుతున్న పల్చటి ప్లాస్టిక్ డిస్క్. దాని మీద ఒక నాణెం.]

ముందు ఈ డిస్క్ చూడండి. దీన్ని ఫ్లెక్సీ డిస్క్ అంటారు. మన వీధుల్లో కట్టే ఫ్లెక్సీలాగే ఇదీ వంగుతుంది. మరీ పల్చన కాబట్టి, ప్లేయర్ మీద జారిపోకుండా పైన ఓ నాణెం పెట్టి వినేవాళ్లు. 1987లో బ్రిటన్‌లో వైట్ డ్వార్ఫ్ పత్రిక కొన్నవాళ్లకు ఇలాంటిదే ఒకటి ఫ్రీగా దొరికింది. అది సంగీతం పత్రిక కాదు. వార్‌హామర్ అని, చిన్న చిన్న సైనికుల బొమ్మలతో ఆడే ఆట ఉంది కదా, దాన్ని తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ పత్రిక. పాట పేరు 'బ్లడ్ ఫర్ ది బ్లడ్ గాడ్'. ఆ ఆటలో రక్తం కోరే దేవుడొకడు ఉన్నాడు, పాట వాడి మీదే. పాడిన బ్యాండ్ సబ్బాట్. కంపెనీదీ బ్యాండ్‌దీ ఒకే ఊరు, నాటింగ్‌హామ్.

పేరు విని బ్లాక్ సబ్బాత్ అనే పేరున్న బ్యాండ్ అనుకునేరు, వాళ్లది బర్మింగ్‌హామ్. వీళ్లు వేరు.

[తెరపై: గిటార్ తీగల మీద అరచెయ్యి, క్లోజప్.]

సబ్బాట్ వాయించింది థ్రాష్ మెటల్, అంటే మహా వేగంగా, మొరటుగా సాగే ఓ రకం రాక్ సంగీతం. దానికి గుండెకాయ ఈ చెయ్యే. అరచేతి అంచుతో తీగల్ని అదిమిపెట్టి, పిక్ అనే చిన్న బిళ్లతో టకటకా కొడతారు. తీగ సాగి మోగదు. ప్రతి దెబ్బా విడివిడిగా వచ్చి తగులుతుంది. దీనికి విత్తనం పడింది బ్రిటన్‌లోనే. మోటర్‌హెడ్, వెనమ్, డైమండ్ హెడ్ లాంటి బ్యాండ్లను వింటూ పెరిగిన కాలిఫోర్నియా కుర్రాళ్లే మెటాలికా అనే థ్రాష్ బ్యాండ్ పెట్టారు. పంట మాత్రం అమెరికాలో, జర్మనీలో పండింది. బ్రిటన్ నుంచి ఆన్‌స్లాట్, జెంట్రిక్స్, యాసిడ్ రెయిన్ వచ్చినా ఆ స్థాయికి చేరలేదు. వాళ్లందరిలో విన్న వెంటనే గుర్తుపట్టగలిగే గొంతు సబ్బాట్‌దేనని నా నమ్మకం.

ఆ గొంతు మార్టిన్ వాకియర్‌ది. గిటార్ ఆండీ స్నీప్. 1988లో జర్మన్ కంపెనీ నాయిజ్ రికార్డ్స్ వీళ్ల మొదటి ఆల్బమ్ 'హిస్టరీ ఆఫ్ ఎ టైమ్ టు కమ్' విడుదల చేసేనాటికి ఆండీకి ఇరవై ఏళ్లు కూడా లేవు.

మరుసటి ఏడాది వచ్చింది 'డ్రీమ్‌వీవర్'. నేను ఈ వీడియో చేయడానికి కారణమే ఈ ఆల్బమ్. బ్రయన్ బేట్స్ రాసిన 'ది వే ఆఫ్ విర్డ్' నవల దీనికి ఆధారం. పాతకాలపు ఇంగ్లండ్‌లో వాట్ బ్రాండ్ అనే క్రైస్తవుడు, అక్కడి పాత దేవుళ్లను కొలిచేవాళ్ల గురించి తెలుసుకోవడానికి అడవిలోకి వెళ్తాడు. వుల్ఫ్ అనే మంత్రగాడు అతనికి దారి చూపిస్తాడు. మన దగ్గర దండకం అందుకుంటే మధ్యలో ఆపరు చూడండి, మార్టిన్ ఈ కథ చెప్పేది అలాగే ఉంటుంది. మాట మీద మాట, ప్రాస మీద ప్రాస, ఊపిరి తీసుకోవడానికి సందు ఉండదు. ఆ మాటలకు తగ్గట్టు ఆండీ గిటార్ కూడా ఎక్కడా తగ్గదు. మధ్యలో 'అడ్వెంట్ ఆఫ్ ఇన్‌సానిటీ' ఒక్కటే నెమ్మదిగా, అకూస్టిక్ గిటార్‌తో నడుస్తుంది. ఆ చిన్న పాట వచ్చేసరికి నాకు నిజంగా ప్రాణం లేచొస్తుంది.

[తెరపై: తూర్పు బెర్లిన్, 1990.]

బెర్లిన్ గోడ కూలింది 1989 నవంబరులో. నాలుగు నెలలైనా తిరక్కుండా, 1990 మార్చి 4న, తూర్పు బెర్లిన్‌లో క్రియేటర్, ట్యాంకార్డ్, కొరోనర్ బ్యాండ్లతో కలిసి సబ్బాట్ వేదికెక్కింది. ఆ కచేరీ వీడియోకి పెట్టిన పేరు 'ది ఎండ్ ఆఫ్ ది బిగినింగ్'. ఆ ఏడాదే మార్టిన్ సబ్బాట్ వదిలేసి స్కైక్లాడ్ అనే బ్యాండ్ పెట్టాడు. మెటల్‌లోకి వయొలిన్ తెచ్చాడు. జానపద సంగీతం కలిపిన ఫోక్ మెటల్ అనే దారికి మొదటి అడుగు అదేనని చాలామంది అంటారు. ఇటు ఆండీ కొత్త గాయకుడితో 1991లో మరో సబ్బాట్ ఆల్బమ్ చేశాడు. అది నిలబడలేదు, బ్యాండూ నిలబడలేదు.

ఆ తర్వాత ఆండీ మిక్సింగ్ బోర్డు ముందు కూర్చున్నాడు. డార్బీషైర్‌లోని తన బ్యాక్‌స్టేజ్ స్టూడియో కేంద్రంగా మెషీన్ హెడ్, ఎక్సోడస్, ఆర్చ్ ఎనిమీ, యాక్సెప్ట్ లాంటి బ్యాండ్లకు పనిచేశాడు. ఈ పాతికేళ్లలో మీరు మెటల్ విని ఉంటే, ఆయన చెయ్యి పడిన గిటార్ శబ్దం ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. 2018లో జూడాస్ ప్రీస్ట్ బ్యాండ్ 'ఫైర్‌పవర్' ఆల్బమ్‌కు టామ్ ఆలమ్‌తో కలిసి ప్రొడ్యూసర్‌గా చేశాడు. అప్పుడే ఆ బ్యాండ్ గిటారిస్ట్ గ్లెన్ టిప్టన్ తనకు పార్కిన్సన్స్ జబ్బు ఉందని బయటపెట్టాడు. ఆయన స్థానంలో టూర్‌లో వాయించింది ఆండీయే.

2006లో ఆండీ, మార్టిన్ మళ్లీ కలిసి సబ్బాట్‌గా కొన్నేళ్లు కచేరీలు చేశారు. కొత్త ఆల్బమ్ మాత్రం రాలేదు. ఉన్నదల్లా ఆ పాత రికార్డులే. వినాలనుకుంటే 'డ్రీమ్‌వీవర్' నుంచి మొదలుపెట్టండి. పాటల మాటలు ఎదురుగా పెట్టుకుని, వరుస మార్చకుండా వినండి.