కనుమ నాడు నూట ఇరవై మంది

శ్రోతలకు నమస్కారం.

ఒక తాతగారి సంతానమంతా ఒక్కరోజైనా ఒక్కచోట కలవాలని చాలా ఇళ్లలో అనుకుంటారు. పెళ్లిలో కలిసినప్పుడు అనుకుంటారు. పెద్దవాళ్లెవరైనా పోయి, పదో రోజున కలిసినప్పుడు మరీ గట్టిగా అనుకుంటారు. ఆ తరవాత ఒకరు ఫంక్షన్ హాలు అద్దె కనుక్కుంటారు, ఇంకొకరు ప్లేటు భోజనం రేటు కనుక్కుంటారు. రెండూ కలిపి చూసి, మళ్లీ ఎప్పుడైనా చూద్దాంలే అని వదిలేస్తారు. ఈ ప్రసంగం అలా వదిలేసిన వాళ్ల కోసం. ఇరవై నాలుగు కుటుంబాలు, పిల్లాజెల్లా కలిపి 120 మంది, మొత్తం 60 వేల రూపాయలు. అంటే ఇంటికి 2,500. ఈ డబ్బుతో సొంత ఊళ్లో ఒక రోజంతా ఎలా గడపవచ్చో చెబుతాను. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

ఖర్చు చేయి దాటేది భోజనం దగ్గర అనుకుంటాం. కాదండీ. ఎంతమంది వస్తారో తేలకపోవడం దగ్గర దాటుతుంది, రాత్రికి ఎవరు ఎక్కడ పడుకోవాలో తేలకపోవడం దగ్గర దాటుతుంది. ఈ రెండూ తేలాకే వంట సంగతి.

మొదట రోజు చూసుకుందాం. మీ వాళ్లలో సగం మందికి పైగా ఎలాగూ సంక్రాంతికి ఊరొస్తుంటే కనుమను మించిన రోజు లేదు. దారి ఖర్చు మన 60 వేలలో కనిపించదు గానీ ప్రతి ఇంటి జేబులోంచీ పోతుంది. ఒకే సంవత్సరంలో రెండుసార్లు ఊరికి రమ్మంటే తక్కువ జీతాల వాళ్లు ముందు మానేస్తారు, వాళ్లు రాని కలయికకు అర్థం ఉండదు. పైగా కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. మధ్యాహ్నం తిని మూడింటికల్లా కారెక్కేసేవాళ్లు ఆ రోజు ఉండరు. అది పుష్యమాసం, పెళ్లి ముహూర్తాలుండవు కాబట్టి షామియానా, కుర్చీలు, గుండిగలు ఖాళీగా ఉంటాయి. చలికాలం కనుక పెరుగు పులవదు, కూర పాడవదు. ఒక ఇబ్బంది మాత్రం ఉంది. వంటవాళ్లకూ అది పండగే. అందుకని వంటమేస్త్రీకి డిసెంబరు మొదటి వారంలోనే బయానా ఇచ్చి, ఎంతమంది మనుషుల్ని తెస్తాడో మాట తీసుకోవాలి.

రైలు టికెట్లు ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తారు. జనవరి 13న బయలుదేరేవాళ్లకు నవంబరు 14 ఉదయం 8 గంటలకు తెరుచుకుంటాయి. సంక్రాంతి రైళ్ల సంగతి మీకు తెలిసిందే. కాబట్టి కలుస్తున్నాం అన్న మాట అక్టోబరు ఆఖరికల్లా ఖాయం కావాలి. తిరుగు ప్రయాణం ముక్కనుమకో, ఆ మర్నాటికో చేయించుకోమని అప్పుడే చెప్పాలి.

ఇక లెక్క. వాట్సాప్ గ్రూపులో బొటనవేలు బొమ్మ పెట్టినవాళ్లంతా వస్తారనుకుంటే దెబ్బ తింటాం. తాతగారికి ఆరుగురు సంతానమైతే ఆరు శాఖలనుకోండి. ఒక్కో శాఖకు ఒక్క మనిషి బాధ్యుడు. అతను ఇల్లిల్లూ ఫోన్ చేసి పేర్లు రాసుకోవాలి. ఎన్ని తలలు అని కాదు, పేర్లే కావాలి. పక్కనే నాలుగు సంగతులు రాయాలి: వయసు, మాంసం తింటారా లేదా, రాత్రి ఉంటారా, మోకాళ్ల నొప్పులున్నాయా. నొప్పుల సంగతి ఎందుకో కాసేపట్లో చెబుతాను. ఈ జాబితా అక్టోబరులో ఒకసారి, డిసెంబరు 15న ఒకసారి, జనవరి 8న ఆఖరిసారి సరిచూడాలి. వంటకు లెక్కేసేటప్పుడు పదేళ్లలోపు పిల్లల్ని ఇద్దరికి ఒక్కరుగా వేసుకోండి. 120 మందిలో 30 మంది పిల్లలుంటే వంట 105 మందికి.

ఆడపడుచుల్ని మాత్రం ఇంటి పెద్ద ఫోన్ చేసి నోరారా పిలవాలి. పుట్టింట్లో అందరూ కలుస్తున్నారని గ్రూపులో చదివి తెలుసుకున్న అత్తయ్య మనసు నొచ్చుకుంటే, దాన్ని ఏ విందూ సరిచేయలేదు. ఆవిడకు జాకెట్టు ముక్క పెడతారా, పసుపు కుంకుమతో సరిపెడతారా అన్నదీ ముందే అందరూ ఒక మాట అనుకోండి. ఒక్క ఇంటివాళ్లు చీరలు తెచ్చారంటే మిగతా అన్నదమ్ములకు చిన్నతనంగా ఉంటుంది.

డబ్బు ఇంటికింత అని వేసుకోవాలి. తలకింత అంటే పిల్లలెక్కువున్న ఇల్లు వెనకాడుతుంది. పెన్షను మీద బతికే పిన్నిని, ఉద్యోగం పోయిన తమ్ముణ్ణి ఇద్దరు పెద్దవాళ్లు కూర్చుని గుట్టుగా మినహాయించి, ఆ వాటా స్థితిమంతులు సర్దాలి. ఎవరెంత ఇచ్చారో గ్రూపులో పెట్టవద్దు. మొత్తం ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, అంతవరకే చెప్పాలి. డబ్బు ఒకరి దగ్గర ఉండాలి, పద్దు ఇంకొకరు రాయాలి. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేస్తే ఆ మనిషి ఎంత నిజాయితీపరుడైనా చివరికి మాట పడతాడు.

బియ్యం, కొబ్బరికాయలు, కూరగాయలు నేనిస్తానంటూ సేద్యం చేసేవాళ్లు ముందుకొస్తారు. తీసుకోండి, కానీ ఎన్ని కిలోలు, ఏ రోజున చేరతాయి అన్నది రాసుకుని, దాని విలువ వాళ్ల వాటాలో తగ్గించండి. రాసుకోకపోతే ముగ్గురు లడ్డూలు తెస్తారు, బియ్యం ఎవరూ తేరు.

60 వేలు ఇలా పంచుకోవచ్చు. సరుకులు, పాలు, కూరగాయలు, మాంసం, గ్యాస్ కలిపి 24 వేలు. వంటమేస్త్రీ, సహాయకులు, అంట్లు తోమేవాళ్లకు 10 వేలు. షామియానా, కుర్చీలు, బల్లలు, పాత్రలకు 8 వేలు. మంచినీళ్లకు రెండున్నర వేలు, మరుగుదొడ్లు, శుభ్రతకు 3 వేలు. ఫొటోలు, వంశవృక్షం అచ్చుకు రెండున్నర వేలు. స్టేషన్ నుంచి ఊళ్లోకి ఆటోలకు 4 వేలు. మిగిలిన 6 వేలు ముట్టుకోకూడదు, ఆ ఉదయం ఏదో ఒకటి తప్పకుండా అడుగుతుంది. మీ ఊరి ధరల్ని బట్టి అంకెలు మార్చుకోండి, చేతిలో ఉంచుకునే పదోవంతును మాత్రం తగ్గించకండి.

చోటు విషయంలో పెద్దగా ఆలోచించక్కర్లేదు. పెద్ద ఇంటి వాకిలి, కళ్లం, గుడి మండపం, ఏదైనా చాలు. సెలవుల్లో ఉన్న బడి ఆవరణ అయితే హెడ్మాస్టరు గారి అనుమతి కాగితం మీద తీసుకోండి. మరుగుదొడ్లు పాతిక మందికి ఒకటి చొప్పున అయిదు కావాలి, నాలుగు ఇళ్లు కలిపితే సరిపోతాయి. ఇందాక మోకాళ్ల నొప్పులన్నాను కదా. కమోడ్ ఉన్న ఇల్లేదో చూసి, ఆ ఇల్లు పెద్దవాళ్లకే కేటాయించండి. చాలామంది పెద్దమ్మలు ఇలాంటి చోట్లకు రాననడానికి అసలు కారణం ఇదే, పైకి చెప్పరు. పడకకు దగ్గరివాళ్ల ఇళ్లు పంచుకుని, ఏ ఇంట్లో ఎవరెవరు అన్నది పేర్లతో గోడకు అంటించండి. దుప్పట్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.

ఇప్పుడు వంట. కనుమ నాడు మినుము తినాలి, కనుక గారెలు తప్పవు. తినేవాళ్లకు గారెల్లోకి కోడికూర, తిననివాళ్లకు అల్లప్పచ్చడి. భోజనంలో టమాటా పప్పు, వంకాయ కూర, చిక్కుడుకాయ వేపుడు, చారు, పెరుగు. ఆవకాయ ఎవరింట్లోదైనా ఉంటుంది. పప్పు, సాంబారు రెండూ పెట్టకండి, రెంటిలో ఒకటి మిగిలిపోతుంది. తీపికి విడిగా ఖర్చే లేదు. సంక్రాంతికి ప్రతి ఇంట్లో అరిసెలుంటాయి. ఇంటికి పదేసి తెమ్మంటే 240 అవుతాయి.

కొలతలు రాసుకోండి. బియ్యం 13 కిలోలు. కందిపప్పు 4 కిలోలు. వంకాయలు 9, చిక్కుడుకాయలు 8 కిలోలు. కోడిమాంసం, తినేవాళ్లు 70 మందనుకుంటే, 12 కిలోలు. కనుమ రోజు దుకాణం దగ్గర జనం కిటకిటలాడతారు, నాలుగు రోజుల ముందే చెప్పి ఉంచాలి. కోడికూర పొయ్యి, గరిటెలు వేరుగా ఉండాలి. పెరుగుకు 14 లీటర్ల పాలు. ఉదయం ఉప్మాకు బొంబాయి రవ్వ 7 కిలోలు. అది ముందురోజే వేయించి ఉంచుకుంటే ఉండలు కట్టదు. తాగడానికి 20 లీటర్ల క్యాన్లు 15. విస్తళ్లు మధ్యాహ్నానికి 150, చినిగేవి కొన్ని ఉంటాయి.

గారెలకు మినప్పప్పు 6 కిలోలు, మనిషికి మూడేసి వస్తాయి. నాలుగు గంటలు నానితే చాలు. రాత్రంతా నానబెట్టినా, రుబ్బేటప్పుడు నీళ్లు ధారగా పోసినా పిండి జారుతుంది, జారిన పిండి నూనె తాగుతుంది. నూనె ఎక్కువ ఖర్చవడం ఒక నష్టమైతే, తిన్నవాళ్లకు కడుపులో బరువు ఇంకో నష్టం. నీళ్లు చిలకరిస్తూ రుబ్బాలి. ఉప్పు పిండి మొత్తంలో ఒకేసారి కలిపేయవద్దు, ఉప్పు పడ్డ పిండి నిలవుంటే పలచబడుతుంది. ఏ వాయి పిండికి ఆ వాయిలో ఉప్పు వేసుకోవాలి.

అన్నం దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. 13 కిలోలూ ఒకే గుండిగలో పోస్తే అడుగు మాడుతుంది, పైన పలుకు ఉంటుంది. ఆరున్నర కిలోల చొప్పున రెండు గుండిగలు పెట్టాలి. మొదటిది పదకొండూముప్పావుకు, రెండోది పన్నెండున్నరకు. ఆఖరున కూర్చున్నవాళ్లకూ వేడన్నం దొరుకుతుంది. ఎసరు తెర్లాక బియ్యం వేసి, మధ్యలోంచి నాలుగు మెతుకులు తీసి వేళ్ల మధ్య నొక్కి చూడండి. మెతుకు అంచులు మెత్తగా అణిగి, నడుమ ఆవగింజంత గట్టితనం తగలాలి. గంజి వార్చాల్సింది సరిగ్గా అప్పుడే. మిగతా ఉడుకు ఆ వేడిలోనే పూర్తవుతుంది. పూర్తిగా ఉడికాక వారిస్తే వడ్డించేసరికి ముద్ద కడుతుంది.

పెరుగు ఒకే పెద్ద గిన్నెలో తోడు పెట్టకండి. గరిటె పడ్డ ప్రతిసారీ నీరు తేరుతుంది, ఆఖరి బంతికి మజ్జిగే మిగులుతుంది. మూడు గిన్నెల్లో వేసి, బంతికి ఒకటి తీయండి. చలికి తోడుకోవడం ఆలస్యమవుతుంది కాబట్టి సాయంత్రం ఏడింటికల్లా గోరువెచ్చని పాలలో తోడు వేసి, గిన్నెల చుట్టూ గోనెసంచి కప్పాలి.

బఫేకన్నా బంతి భోజనమే మేలు. బఫేలో పిల్లలు వడ్డించుకుని వదిలేస్తారు, పెద్దవాళ్లు ప్లేటుతో నిలబడలేరు. బంతికి 40 మంది, మూడు బంతులు, ఒక్కోటీ అరగంట. మొదటి బంతి పెద్దవాళ్లకు, పిల్లలకు. వడ్డనకు ఎనిమిది మంది కుర్రాళ్లు, ఒక్కొక్కరికి ఒక్కో పదార్థం. రెండు కిలోల బియ్యం, రెండు కిలోల బంగాళాదుంపలు వండకుండా పక్కన పెట్టండి. చెప్పకుండా వచ్చిన పదిమందికి అవి అరగంటలో భోజనమవుతాయి, ఎవరూ రాకపోతే దుకాణానికి తిరిగి వెళ్తాయి.

రోజంతా ఏం చేయాలని అడుగుతారు. ఉపన్యాసాలు వద్దు. పొద్దున పశువుల పూజలు అయ్యాక, పదింటికి మొదలుపెట్టండి. వచ్చినవాళ్లందరి చొక్కాకో చీరకో చిన్న అట్టముక్క గుచ్చండి. దాని మీద పేరుతో పాటు "పెద్దత్తయ్య మనవరాలు" అని వరస కూడా ఉండాలి, ఒక్కో శాఖకు ఒక్కో రంగు. బెంగళూరులో పుట్టిన పిల్లకు ఎదురుగా ఉన్న మనిషిని బాబాయ్ అనాలా, మావయ్య అనాలా అన్న బెరుకు పోతుంది. గ్రూపు ఫొటో పదకొండింటికే తీయించండి. భోజనం తరవాత ఒక్కరూ ఉన్నచోట ఉండరు. ఎండ ఎదురుగా పడకుండా, అరుగు మెట్ల మీద నిలబెడితే వెనకవాళ్ల ముఖాలూ కనిపిస్తాయి.

మధ్యాహ్నం మూడింటికి, పెద్దవాళ్లు కాసేపు నడుం వాల్చి లేచాక, వంశవృక్షం గోడకు కట్టండి. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఫ్లెక్సీ చాలు. తెలిసిన పేర్లు అచ్చు వేయించి, తెలియనివి ఖాళీ గళ్లుగానే ఉంచండి. ఫ్లెక్సీ మీద బాల్‌పాయింట్ పెన్ను పనిచేయదు, చెరగని మార్కర్లు నాలుగు కొని ఉంచండి. పక్కన ఓ బల్ల మీద పాత ఫొటోలు పరవండి. నలుపు తెలుపు పెళ్లి ఫొటోలో మూడో వరసలో తలగుడ్డతో నిలబడ్డ మనిషి ఎవరో ఎనభై ఏళ్ల పిన్నమ్మ చెబుతుంది. ఒక కుర్రవాడు ఆవిడ పక్కనే కూర్చుని, ఫొటో వెనక మెత్తని పెన్సిలుతో రాసుకోవాలి. పెన్నుతో రాస్తే ఒత్తిడికి ముందువైపు గీతలు పడతాయి. ఇంకొకరు ఫోనులో ఆవిడ గొంతు రికార్డు చేయాలి. ఆవిడ ఆడపడుచు పేరు చెప్పబోయి ఆ కాలపు కరువు గురించో, గోదావరి వరద గురించో చెబుతుంది. అడ్డు తగలవద్దు, ఆ గంట ఆవిడదే.

సాయంత్రం టీ, జంతికలు అయ్యాక అద్దె సామాన్లు చీకటి పడకముందే లెక్క పెట్టించండి. గుండిగలు పోవు, మూతలు, జల్లిగరిటెలు, స్టీలు గ్లాసులు పోతాయి. తెచ్చినప్పటి చీటీ చూస్తూ ఒక్కోటీ పక్కన పెట్టాలి. పద్దు మూడు రోజుల్లో అందరికీ పంపి, మిగిలిన డబ్బు ఏం చేయాలో ఆ వారంలోనే తేల్చండి. ఖాళీ గళ్లు నిండిన ఫ్లెక్సీని మడవకండి, మడత మీద పేర్లు చెరిగిపోతాయి. ముందు ఇద్దరి ఫోన్లలో స్పష్టంగా ఫొటోలు తీసి, తరవాత చుట్టచుట్టి, ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి, వచ్చేసారి ఎవరింట్లో కలుస్తారో వాళ్ల చేతికి ఇచ్చి పంపండి.

సెలవు. నమస్కారం.