రన్ అంటే పరుగెత్తడమేనా?

(విజయవాడలో తెలుగు భాషా దినోత్సవం నాడు ఇంగ్లిష్ ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చిన టీచర్లందరికీ నమస్కారం. ఈ రోజు, ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. తెలుగు పండగనాడు ఇంగ్లిష్ క్రియ గొడవేమిటని అనుకోకండి. తెలుగును పక్కనపెట్టి ఇంగ్లిష్ చెప్పడం వల్లే మన పిల్లలు తడబడుతున్నారు. అందుకే ఈ మాట ఇవాళే చెప్పాలి.

ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువులో చాలాకాలం అన్నిటికంటే పొడవైన పద్దు ‘సెట్’ది. 2000లో ‘మేక్’ దాన్ని దాటింది, 2007లో ‘పుట్’, 2011లో ‘రన్’. క్రియగా రన్‌కి అక్కడ 645 అర్థాలు. పిల్లలు కొనే గైడ్లలో మాత్రం ఒక్కటే: పరుగెత్తు.

ఆ ఒక్క ముక్కే కొంప ముంచుతోంది. ‘హర్ నోస్ ఈజ్ రన్నింగ్’ అంటే ముక్కు కారుతోంది. ‘ద ఫిల్మ్ ర్యాన్ ఫర్ హండ్రెడ్ డేస్’ అంటే సినిమా వంద రోజులు ఆడింది. బందరు కాలువ ఊళ్లోంచి పారుతుంది, గుంటూరు బస్సు అరగంటకొకటి తిరుగుతుంది, ఆమె హాస్టల్ నడుపుతుంది. అన్నిటికీ రన్నే. అమెరికాలో ఎన్నికలకు రన్ అవుతారు. బ్రిటన్‌లో స్టాండ్ అంటారు. మనమూ ‘నిలబడ్డాడు’ అనే అంటాం.

బట్టల సంగతి చూడండి. కొత్త ఎర్రచీరని తెల్లచొక్కాతో కలిపి నానబెడితే చొక్కా గులాబీరంగుకి తిరుగుతుంది. చీర రంగు దిగింది: ‘ద కలర్ ర్యాన్’. అదే చీర ఎండలో ఆరీ ఆరీ వెలిసిపోతే అది ‘ఫేడ్’. తెలుగులో దిగడం వేరు, వెలవడం వేరు అని ప్రతి పిల్లకీ తెలుసు. ఆ తెలిసినదాన్నే అడగండి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. అసలు చిక్కు అర్థాల సంఖ్యలో లేదు. నీరు పారుతుంది, నీరు పారిస్తాం. బండి నడుస్తుంది, బండి నడుపుతాం. ఫ్యాన్ తిరుగుతుంది, ఫ్యాన్ తిప్పుతాం. తెలుగులో తనంతట తాను జరిగేదానికి ఒక రూపం, మనం జరిపించేదానికి ఇంకో రూపం. ఇంగ్లిష్‌లో ‘వాటర్ రన్స్’, ‘రన్ ద వాటర్’: రూపం మారదు, కర్మ వచ్చి చేరుతుందంతే. ఇది చెప్పకపోతే పిల్లవాడు ‘నడుపు’లోని ఆ ‘పు’ కోసం వెతుక్కుని ‘షి మేక్స్ రన్ ఎ హాస్టల్’ అని రాస్తాడు. అది తెలివితక్కువతనం కాదండీ, తెలుగు వ్యాకరణం పక్కాగా వచ్చినవాడు చేసే తప్పు. దానికి ఎర్రసిరాతో సున్నా చుట్టకండి, దయచేసి!

గైడ్ల దగ్గరికే మళ్లీ వస్తున్నాను, మన్నించాలి. ‘పట్టు’కి ఒక్క అర్థం ఇచ్చి ఎవరికైనా తెలుగు నేర్పగలమా? నిద్ర పట్టింది, తుప్పు పట్టింది, మసాలా ముక్కకి పట్టింది, గంట పట్టింది. పక్క మాట లేకుండా పట్టుకి అర్థమే తేలదు. రన్‌కీ అంతే.

కాబట్టి నోటుబుక్కులో ఒక పేజీ మూడు గళ్లు చేయించండి. మొదటి గడిలో ఏది లేక ఎవరు, రెండో గడిలో ఇంగ్లిష్ వాక్యం, మూడో గడిలో తెలుగు క్రియ. వారానికి నాలుగు వాక్యాలు చాలు. ఒకేరోజు ఇరవై ఇస్తే అన్నీ కలగాపులగం అవుతాయి. వారం తర్వాత మూడో గడి మూసి తెలుగు చెప్పించండి. కాలువ దగ్గర ‘పరుగెత్తు’ అన్నారంటే మళ్లీ మొదటి గడి చదివించండి. ‘రన్నింగ్ బస్సు ఎక్కకు’ అనేది మన వాడుక. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు ‘మూవింగ్ బస్’ అని దిద్దండి.

భోజనాల ముందు ఒక్క వాక్యం బోర్డు మీద రాస్తున్నాను: ‘వియ్ హ్యావ్ రన్ ఔట్ ఆఫ్ రైస్’. హ్యావ్ తర్వాత ర్యాన్ రాదు, మూడో రూపం మళ్లీ రన్నే. వెనక వరసలోని వాళ్లు చెప్పండి, మూడో గడిలో ఏం రాయాలి? అవును, ‘బియ్యం అయిపోయాయి’.