దారింగబాడిలో పడేది స్నో కాదు మామా!

[మొదటి షాట్: తెల్లవారుజాము. గడ్డివాము మీద తెల్లటి పొర, దాని మీద వేలితో గీసిన గీత.]

ఇదిగో చూడండి, గీరితే గోటి కింద చేరింది, చేరీ చేరగానే నీళ్లైపోయింది. దీన్నే వీడియో తీసి "ఒడిశాలో స్నోఫాల్" అని పెడతారు. డిసెంబర్ వచ్చిందంటే మా బరంపురంలో ప్రతి ఫోన్లోనూ ఇదే తిరుగుతుంది, అది చూసి శ్రీకాకుళం నుంచి మా మామ ఫోన్ చేస్తాడు: "ఏరా, మీ ఒడిశా కొండల మీద ఆ దారింగబాడిలో స్నో పడుతోందట కదా, ఏ రోజు పడుతుందో కనుక్కుని చెప్పు, పిల్లల్ని తీసుకొచ్చేస్తాం."

మామా, ఇది పైనుంచి పడలేదు. రాత్రి చలికి గాలిలో తేమ ఈ గడ్డి మీదే గడ్డకట్టింది.

సగం గొడవ మన మాటలోనే ఉంది. ఆకు మీద తడి ఉంటే మంచు, ఎదురుగా లారీ కనపడకపోతే మంచు, కశ్మీర్లో పడేదీ మంచే. మా పక్కింటి ఒడియా వాళ్లకి ఈ తికమక లేదు: పొగమంచు అయితే కుహుడి, ఆకు మీద తడి అయితే కాకర, గడ్డకడితే బరఫ్. (మొదటిసారి "కాకర పడుతోంది" అంటే నేను కూర అనుకున్నాను.)

స్నో పుట్టేది మేఘంలో. సున్నాకి బాగా కింద ఉన్న చలిలో ఆవిరి నేరుగా స్ఫటికాలవుతుంది, అవి ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి దిగుతాయి, దారిలో వెచ్చటి గాలి తగిలిందంటే కరిగి వానైపోతాయి. మన వైపు చలికాలంలో కూడా గాలి సున్నాకి చేరాలంటే నాలుగు కిలోమీటర్ల పైకి పోవాలి. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన కొండ, కొరాపుట్ దేవమాలి, 1,672 మీటర్లే. పైగా మనకి చలి వణికించే రాత్రి మబ్బుండదు, మబ్బేసిన రాత్రి చలుండదు. స్నోకేమో రెండూ కావాలి.

పోనీ, నిజంగా స్నో పడే ఊళ్లకైనా ముందే సరిగ్గా చెప్పగలరా?

[స్క్రీన్ మీద: న్యూయార్క్, 2015 జనవరి 26]

రెండడుగుల దాకా పడొచ్చన్నారు. సబ్‌వే మొత్తం ఆపేశారు, స్నో కోసం అలా ఆపడం అదే మొదటిసారి. తెల్లారాక సెంట్రల్ పార్కులో కొలిస్తే 9.8 అంగుళాలు. తుఫాను రాకపోలేదు, కాస్త తూర్పుకి జరిగిందంతే, పక్కనున్న లాంగ్ ఐలాండ్‌లో కొన్నిచోట్ల నిజంగానే రెండడుగులు పడింది. జనం మాత్రం వాతావరణం వాళ్లని ఆడిపోసుకున్నారు, ఒక అధికారి అయితే బయటికొచ్చి క్షమాపణే చెప్పాడు. నన్నడిగితే అంత తిట్టాల్సిన తప్పు కాదది.

ఎందుకంటే బరంపురంలో 31 డిగ్రీలని చెప్పి 32 వస్తే ఎవరూ పట్టించుకోరు. అదే ఒక్క డిగ్రీ సున్నా దగ్గర తేడా వస్తే, మూసుకుపోతుందన్న రోడ్డు ఉత్తి తడితో ఊరుకుంటుంది. కింద గాలి పొడిగా ఉందనుకోండి, పడే చినుకు కొంత ఆవిరై ఆ గాలినే చల్లబరుస్తుంది, కుండలో నీళ్లు చల్లబడినట్టే, దాంతో వానగా మొదలైంది మధ్యలో స్నోగా మారిపోవచ్చు.

ఎంత నీరు పడుతుందన్న లెక్క సరిపోయినా, స్నో మందం తప్పొచ్చు. మూరీ, అదే మరమరాలు, వేయించేవాళ్లని చూడండి, సోలెడు బియ్యమే, ఇసుక వేడిని బట్టి బుట్ట నిండుతుంది, లేదా సగంలో ఆగుతుంది. స్నో కూడా అంతే: 10 మిల్లీమీటర్ల నీటికి మామూలుగా 10 సెంటీమీటర్లు లెక్కేస్తారు, తడి స్నో అయితే 5 దగ్గరే ఆగిపోవచ్చు, పొడి స్నో 20 దాటొచ్చు.

మన హిమాలయాల్లో ఇంకో చిక్కు. అక్కడ చలికాలపు స్నో ఎక్కువగా మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడులనే వాన, స్నో తెచ్చే వాతావరణ వ్యవస్థల వల్ల పడుతుంది. 2025లో మొదలైన మన వాతావరణ అంచనాల కంప్యూటర్ మోడల్, భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్, దేశాన్ని ఆరేసి కిలోమీటర్ల గళ్లుగా చూస్తుంది. మైదానానికి అది బ్రహ్మాండం, కొండల్లో మాత్రం ఒక్క గడిలోనే లోయా శిఖరమూ ఉంటాయి, కిలోమీటరు ఎత్తుకి సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి ఒకే గడిలో కింద వాన, పైన స్నో. ఇక సీజన్ మొత్తానికి ముందే చెప్పడమంటే అవకాశాలు చెప్పడమే: 2024 జనవరిలో చాలా రోజులు కశ్మీర్ గుల్మార్గ్‌లో స్నో లేక నేల గోధుమరంగులో కనపడింది, స్కీయింగ్‌కని వెళ్లినవాళ్లు ఫొటోలు తీసుకుని వచ్చారు.

[మళ్లీ గడ్డివాము]

మా దారింగబాడి సంగతికి వస్తే, ఫోన్ చూపించే 4 డిగ్రీలు మనిషి ఛాతీ ఎత్తున పెట్టెలో కొలిచే గాలిది. గడ్డి ఆకాశంలోకి వేడి వదిలేసుకుని దానికన్నా చల్లబడుతుంది, చల్లగాలి నీళ్లలా పల్లంలోకి జారుతుంది, అందుకే ఫోన్ నాలుగంటున్నా పల్లంలో గడ్డి తెల్లబడుతుంది. పోయినేడు 3 డిగ్రీలని చూసి మా కజిన్స్‌ని తీసుకెళ్లాను, అర్ధరాత్రి మబ్బేసింది, బూట్లు తడవడం తప్ప ఏం దక్కలేదు.

అందుకని మామా, శనివారం సాయంత్రానికి పైకి వచ్చేయండి. రాత్రి పదింటికి బయటికెళ్లి చూస్తాను, చుక్కలు కనపడుతూ, తాడు మీద తువ్వాలు కదలకుండా ఉంటే నాలుగింటికి లేపుతాను. మబ్బేస్తే హాయిగా పడుకోండి.