పైపు కోసే ముందు సెన్సార్ మాట వినండి

అందరికీ నమస్కారం. విజయనగరంలో పిల్లలు సొంతంగా కారు కడుతున్నారని తెలిసి చాలా సంతోషంతో వచ్చాను. ఇందాక షెడ్డులో మీ బండి చూశాను. మారుతి 800 ఎంపీఎఫ్ఐ ఇంజను, అంటే ఒక్కో సిలిండరుకూ విడిగా పెట్రోలు చిమ్మే రకం, 796 సీసీ, మూడు సిలిండర్లు. చట్రం మీరే వెల్డింగ్ చేశారు, ఇంజను వెనక్కి పెట్టారు. అందుకని పాత ఎగ్జాస్ట్ పైపు అందులో పట్టదు, కొత్తది చెయ్యక తప్పదు.

ఒక తమ్ముడు "సౌండు గట్టిగా రావాలి సార్" అన్నాడు. సౌండు తర్వాత చూద్దాం. పైపు మార్చామంటే, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని పసిగట్టే ఆక్సిజన్ సెన్సార్ ఉండే చోటు మారుతుంది. ఈ రోజు నేను చెప్పాలనుకున్నది దాని గురించే.

పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక వంతు పెట్రోలుకు బరువులో 14.7 వంతుల గాలి కావాలి. పొగలో ఆక్సిజన్ మిగిలితే సెన్సార్ 0.1 వోల్టు దగ్గర ఉంటుంది, పెట్రోలు ఎక్కువైతే 0.9 దాకా లేస్తుంది. ఇంజనుని నడిపించే చిన్న కంప్యూటర్, ఈసీయూ, దాన్ని చూసుకుంటూ పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లను క్షణక్షణం సరిచేస్తూ ఉంటుంది. అంటే సెన్సార్ ఏం చెబితే ఈసీయూకి అదే నిజం.

నాకు జరిగింది చెబుతాను. కొన్నేళ్ల కిందట ఇలాంటి బండికే పైపు చేశాం. స్టార్టు చేస్తే ప్లగ్గులు నల్లగా మసి పట్టేవి, పెట్రోలు నీళ్లలా ఖర్చయ్యేది. ఇంజెక్టర్లు మార్చాం, సెన్సార్ మార్చాం, పది రోజులు పోయాయి. తీరా చూస్తే ఇంజను పొగ మొదట చేరే మానిఫోల్డ్‌ని బిగించే అంచు, అంటే ఫ్లాంజి దగ్గర వెల్డింగులో వెంట్రుక మందం పగులు! పొగ బయటికి పోయే చోట గాలి లోపలికి ఎలా వస్తుందని మీకు అనుమానం రావచ్చు. పొగ ఒక్క ధారగా పోదు, దెబ్బదెబ్బగా పోతుంది. ఒక్కో దెబ్బ వెనక పైపులో పీడనం బయటి గాలి కంటే తగ్గిపోతుంది, అప్పుడు ఆ పగులు గాలి పీల్చుకుంటుంది. సెన్సార్‌కు ఆ గాలి తగిలి "పెట్రోలు చాలడం లేదు" అంటుంది, ఈసీయూ ఇంకా పోస్తుంది. తప్పు వెల్డింగుది, శిక్ష ఇంజనుకి.

అందుకే సెన్సార్ కంటే ముందున్న ప్రతి అతుకూ పరీక్షించండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు బ్లోవర్‌తో పైపు చివరి నుంచి గాలి ఊదుతూ అతుకుల మీద సబ్బు నీళ్లు రాయండి. బుడగ లేచిన చోటే లీకు.

మూడు సిలిండర్ల పైపులూ కలిసిన తర్వాత సెన్సార్ పెట్టండి, అప్పుడే మూడింటి పొగా దానికి తగులుతుంది. మరీ దూరం మాత్రం వద్దు. అది సుమారు 300 డిగ్రీలు వేడెక్కితేనే పని చేస్తుంది. నాలుగు వైర్ల రకంలో హీటర్ ఉంటుంది కాబట్టి కొంచెం దూరమైనా ఫరవాలేదు, ఒంటి వైరు రకానికి ఆ వెసులుబాటు లేదు. మొన కిందికి ఉండేలా పైపు పైభాగంలో, గడియారంలో 10కీ 2కీ మధ్య బిగించండి. మన తీరంలో తేమ ఎక్కువ, రాత్రి చల్లబడిన పైపులో నీరు చేరుతుంది. సెన్సార్ లోపల వేడెక్కిన సెరామిక్ మీద ఆ నీటి చుక్క పడితే అది పగిలిపోతుంది.

వైరు చాలకపోతే సోల్డరింగ్ చెయ్యకండి, క్రింప్ చెయ్యండి, అంటే చిన్న లోహపు గొట్టంలో పెట్టి నొక్కి బిగించండి. చాలా సెన్సార్లు పొగతో పోల్చుకోవడానికి కావలసిన బయటి గాలిని ఆ వైరు సందుల్లోంచే తీసుకుంటాయి. అతుకుల మధ్య పెట్టే గ్యాస్కెట్ దగ్గర మామూలు సిలికాన్ పూయకండి, దాని ఆవిరి సెన్సార్‌ని చంపేస్తుంది.

ఒక్క మాట చట్టం గురించి. రిజిస్ట్రేషన్ ఉన్న బండిని కంపెనీ ఇచ్చిన రూపం నుంచి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. ఇంట్లో ఉన్న కారు మీద ఈ ప్రయోగాలు వద్దు. మీరు కట్టిన బండిని మీ గ్రౌండులోనే నడపండి.

బల్ల మీద రెండు సెన్సార్లు పెట్టాను, ఒకటి మంచిది, ఒకటి మసి పట్టి చచ్చిపోయింది. దగ్గరికొచ్చి చేత్తో పట్టుకుని చూడండి. తర్వాత షెడ్డులోకి వెళ్లి మీ పైపు మీద సబ్బు నీళ్లు రాద్దాం.